ఏడుపుకి ముందు రెండు నిమిషాలు



ఒక పెళ్లి దగ్గర మొదలుపెడతాను. తాళి కట్టే వేళ అయింది. పంతులుగారు చెయ్యెత్తి "గట్టిమేళం, గట్టిమేళం" అన్నారు. సన్నాయి పైకి లేచింది. డోలు దద్దరిల్లింది. మైకులో మంత్రాలు. అందరూ ఒక్కసారి లేచి అక్షింతలు వేస్తున్నారు. వీడియో అతను పెద్ద లైటు ఇటు తిప్పాడు. సరిగ్గా అప్పుడే, మూడో వరసలో అమ్మమ్మ ఒళ్లో కూర్చున్న అయిదేళ్ల బాబు రెండు చెవులూ మూసుకుని కేకలు పెట్టాడు. అమ్మమ్మ చెయ్యి కొరికాడు. కిందపడి తల నేలకేసి కొట్టుకోబోయాడు.

చుట్టూ ఉన్నవాళ్లు తలో మాటా అన్నారు. "మొండివాడు" అన్నారు ఒకరు. "ఒక్కడే కదా అని గారం చేసి పెట్టారు" అన్నారు ఇంకొకరు. "దిష్టి తగిలినట్టుంది, ఎర్రనీళ్లు తియ్యండి" అంది ఓ పెద్దావిడ. తల్లి వాణ్ణి ఎత్తుకుని మండపం వెనక్కి పరుగెత్తింది. అక్కడ జనరేటరు నడుస్తోంది. ఆ మోత, ఆ డీజిలు వాసన. బాబు ఇంకా ఎక్కువ అరిచాడు. చివరికి వాళ్ల కారు వెతుక్కుని, లోపల కూర్చుని, అద్దాలు ఎత్తేసింది. వాణ్ణి గుండెకి గట్టిగా అదుముకుంది. కాసేపటికి ఏడుపు ఎక్కిళ్లయింది. తర్వాత నిద్రపోయాడు. పెళ్లికూతురు ఆవిడకి సొంత చెల్లెలు. చెల్లెలికి తాళి కడుతుంటే ఆవిడ చూడలేదు.

ఆ బాబుకి ఆటిజం. తర్వాతి వారం ఆ తల్లి నా దగ్గరకొచ్చి ఒక ప్రశ్న అడిగింది. "మేడం, అక్కడ బోలెడుమంది పిల్లలున్నారు. అదే మేళం అందరూ విన్నారు. వీడొక్కడికే ఎందుకలా అయింది?"

నేను ఆక్యుపేషనల్ థెరపిస్టుని. ఇలాంటి పిల్లలతో ఎన్నో ఏళ్లుగా పని చేస్తున్నాను. ఈరోజు ఆ ప్రశ్నకి జవాబు చెప్పాలని నా ప్రయత్నం. జవాబులో కొంత మెదడు సంగతి. మిగతాది మీ చేతిలో ఉన్న ఒక చిన్న పని. ఆ పని ఒక్కటి గుర్తుంటే నాకు చాలు. పిల్లాడు ఏడుస్తున్నప్పుడు, ఏడుపుకి ముందు రెండు నిమిషాలు వెనక్కి వెళ్లి చూడాలి. మళ్లీ చెబుతున్నాను. ఏడుపుకి ముందు రెండు నిమిషాలు.

గట్టిమేళం ఎందుకు వాయిస్తారో మన పెద్దలు చెబుతారు. ఆ శుభఘడియలో ఎవరి తుమ్మూ, ఎవరి చెడ్డ మాటా వధూవరుల చెవిన పడకూడదని. అంటే మిగతా చప్పుళ్లన్నిటినీ ముంచెయ్యడానికే అంత మోత. మనకది ఒకటి రెండు నిమిషాలు. ఆ తర్వాత భోజనాల బంతి గుర్తొస్తుంది. కానీ ఆ బాబు లాంటి పిల్లలకి ఇంట్లో కుక్కర్ విజిలూ గట్టిమేళమే. మిక్సీ గట్టిమేళమే. బడిలో గంట గట్టిమేళమే. కొందరికి కొత్త చొక్కా మెడపట్టీ కూడా అంత పనీ చేస్తుంది.

ఎందుకలా? ముందు మన సంగతి చూద్దాం.

మీలో రైలుపట్టాల పక్కన ఇల్లున్నవాళ్లు ఉంటారు. ఆ ఇంట్లో దిగిన మొదటి రాత్రి గుర్తు తెచ్చుకోండి. ప్రతి గూడ్సు బండికీ మెలకువ వచ్చేసి ఉంటుంది. వారం గడుస్తుంది, పది రోజులు గడుస్తాయి. ఆ తర్వాత ఊరి నుంచి చుట్టాలొచ్చి "ఈ మోతలో ఎలా పడుకుంటున్నారు?" అంటే, "ఏ మోత?" అంటాం. రైలు మారలేదు. మన చెవి మారలేదు. ఆ చప్పుడుని పక్కన పెట్టడం మెదడు నేర్చుకుంది. ఇది పాతదే, దీంతో ప్రమాదం లేదు, వదిలెయ్యి అనుకుంది.

ఇంకొకటి. మీ చేతికి గాజులో గడియారమో ఉంటుంది. నేను అనేదాకా దాని బరువు మీకు తెలిసిందా? నడుము దగ్గర చీర కుచ్చెళ్ల బిగువు తెలిసిందా? ఫ్యాను చప్పుడు వినిపించిందా? ఇవన్నీ క్షణక్షణం మెదడుకి చేరుతూనే ఉన్నాయి. మెదడు వాటిని వదిలేస్తోంది. ఈ వదిలెయ్యడం చాలా పెద్ద పని. మనకి తెలియకుండా జరిగిపోతుంది కాబట్టి దాని విలువ మనకి తెలియదు.

పల్లెల్లో ఉన్నవాళ్లకి చెరువు తూము తెలుసు. చేలకి ఎంత కావాలో అంత నీరు వదలడానికి తూము. అవసరమైతే తలుపు ఎత్తుతారు, చాలనుకుంటే దించుతారు. మన మెదడు లోతున థాలమస్ అనే భాగం ఉంది. కన్ను, చెవి, చర్మం పంపే కబుర్లు దాని గుండానే పైనున్న మెదడు పొరలకి వెళ్తాయి. వాసన ఒక్కటి మాత్రం వేరే దారిన పోతుంది. థాలమస్‌ని ఒక తూము అనుకోండి. పోలిక పూర్తిగా అతకదు. మెదడులో ఇలా ఆపే, వదిలే చోట్లు చాలా ఉన్నాయి. కానీ విషయం అర్థం కావడానికి ఇది చాలు.

ఆటిజం ఉన్న చాలామంది పిల్లల్లో ఈ తూము మనలా ఎత్తడం, దించడం జరగదు. ఒక్కోసారి ఎత్తింది ఎత్తినట్టే ఉండిపోతుంది. చేను మునిగిపోతుంది. ఒక్కోసారి దించింది దించినట్టే. కాలవ చివరి పొలానికి చుక్క అందదు. ఒకే పిల్లాడిలో ఈ రెండూ ఉండొచ్చు. చెవి దగ్గర వరద, చర్మం దగ్గర కరువు. అదే పిల్లాడిలో, అదే రోజున.

ఇది నా ఊహ కాదండి. అమెరికాలో లాస్ ఏంజిలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో షులమైట్ గ్రీన్, మిరెల్లా డాప్రెటో, వాళ్ల సహచరులు ఒక పరీక్ష చేశారు. ఆ ఫలితాలు 2015లో అచ్చయ్యాయి. ఆటిజం ఉన్న పిల్లల్నీ, లేని పిల్లల్నీ ఎంఆర్ఐ యంత్రంలో పడుకోబెట్టారు. కొంతసేపు రోడ్డు మీద బళ్ల రొద వినిపించారు. కొంతసేపు గరుకు ఉన్ని గుడ్డతో చేతి మీద రుద్దారు. కొంతసేపు రెండూ కలిపి. ఇవి భరించలేని బాధలేం కాదు. కాస్త చిరాకు పెట్టేవి, అంతే. ఆ సమయంలో మెదడులో ఏ భాగం ఎంత పని చేస్తోందో చూశారు.

ఆటిజం ఉన్న పిల్లల్లో, అందులోనూ చప్పుళ్లకీ స్పర్శకీ ఇంట్లో బాగా ఇబ్బంది పడేవాళ్లలో, రెండు తేడాలు కనిపించాయి. ఒకటి, శబ్దాన్ని, స్పర్శని అందుకునే భాగాలతోపాటు అమిగ్డాలా అనే భాగం బాగా ఎక్కువగా స్పందించింది. అమిగ్డాలా అంటే, పాము కనిపించగానే మనం ఆలోచించకుండా వెనక్కి గెంతుతాం చూడండి, ఆ గెంతు వెనకున్న భాగం. రెండోది ఇంకా ముఖ్యం. మిగతా పిల్లల మెదడు కాసేపటికి ఆ రొదకి అలవాటుపడి తగ్గిపోయింది. వీళ్ల మెదడు తగ్గలేదు. మొదటిసారి వింటే ఎలా ఉందో, ఆ తర్వాతా దాదాపు అలాగే ఉంది.

ఇప్పుడు మళ్లీ ఆ పెళ్లిపందిట్లోకి రండి. మన చెవిలో మేళం పడింది. బాబు మెదడులో పాము పడింది. అదీ ఒక క్షణం కాదు. సన్నాయి మోగినంతసేపూ పాము అక్కడే ఉంది. కొరకడం, పడిపోవడం, తల కొట్టుకోవడం, ఇవన్నీ ఆ పాము నుంచి పారిపోవడం. దీన్ని మొండితనం అని ఎలా అంటాం?

మరో పరిశోధన చెబుతాను. ఫిలడెల్ఫియాలో పిల్లల ఆసుపత్రి ఒకటుంది. అక్కడ తిమోతీ రాబర్ట్స్ బృందం మెదడులో పుట్టే అతి సన్నటి అయస్కాంత సంకేతాల్ని కొలిచింది. ఒక చప్పుడు వినిపించాక మెదడు దాన్ని అందుకోవడానికి ఎంతసేపు పడుతుంది? ఆటిజం ఉన్న పిల్లల్లో సగటున 11 మిల్లీసెకన్లు ఆలస్యం అవుతోందని 2010లో వాళ్లు ప్రకటించారు. అంటే సెకనులో సుమారు నూరో వంతు. ఇంతేనా అనిపిస్తుంది. కానీ మనం మాట్లాడేటప్పుడు అక్షరాలు ఒకదాని వెంట ఒకటి పరుగెడతాయి. ప్రతిదానికీ కాస్త కాస్త వెనకపడితే, "చెప్పులేసుకుని బయటికిరా తొందరగా బస్సొస్తోంది" అన్న మాటలో పిల్లాడికి ఏం మిగులుతుంది? అందుకే ఈ పిల్లలతో మాట్లాడేటప్పుడు నేను తక్కువ మాటలు వాడతాను. "చెప్పులు" అంటాను. ఆగుతాను. వేసుకున్నాక "బస్సు" అంటాను.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఇవన్నీ గుంపుల మధ్య సగటున కనిపించిన తేడాలు. మీ పిల్లాడికి ఎంఆర్ఐ తీసి ఆటిజం ఉందో లేదో చెప్పడం ఇప్పటికి ఎవరివల్లా కాదు. పిల్లాణ్ణి గమనించి, అమ్మానాన్నలతో మాట్లాడి, ఆట చూసి డాక్టర్లు నిర్ణయిస్తారు. మూర్ఛలు లాంటి వేరే కారణం ఉంటే తప్ప, ఆటిజం తెలుసుకోవడానికని స్కానింగులకి డబ్బు పొయ్యకండి.

ఆటిజం గురించి మొదట వివరంగా రాసినవాళ్లలో లియో కానర్ ఒకరు. అమెరికాలో బాల్టిమోర్‌లో పిల్లల మానసిక వైద్యుడు. 1943లో 11 మంది పిల్లల గురించి రాశారు. అప్పుడే ఆయన గమనించారు, వీళ్లలో కొందరు పెద్ద చప్పుళ్లకీ, ఇంట్లో దుమ్ము పీల్చే యంత్రానికీ హడలిపోతున్నారని. గమనించారు, రాశారు. కానీ చాలాకాలం దాన్ని పక్క విషయంగానే చూశారు. మాట రాకపోవడం, కళ్లలోకి చూడకపోవడం, వీటి మీదే అందరి దృష్టీ. మానసిక వైద్యులు వాడే ప్రామాణిక గ్రంథంలో, ఆటిజం లక్షణాల వరసలో ఇంద్రియాల ఇబ్బందికి చోటు దొరికింది 2013లో. కానర్ రాసిన 70 ఏళ్లకి. ఆ 70 ఏళ్లలో ఎంతమంది పిల్లలు దెబ్బలు తిని ఉంటారో తలచుకుంటే నాకు బాధగా ఉంటుంది. ఎంతమంది తల్లులు మాటలు పడి ఉంటారో. తల్లికి ప్రేమ లేకపోవడంవల్లే ఆటిజం వస్తుందని ఒక కాలంలో పెద్ద పెద్ద వైద్యులే నమ్మారు. అది పూర్తిగా తప్పని తేలిపోయింది. అయినా మన ఇళ్లల్లో ఇప్పటికీ వేలు తల్లి వైపే చూపిస్తారు. తల్లులూ, ఈ మాట వినండి. మీ పెంపకంవల్ల ఆటిజం రాలేదు. మెదడు ఎదగడంలోనే ఉన్న తేడా అది.

ఇందాక చెవి దగ్గర వరద, చర్మం దగ్గర కరువు అన్నాను. ఆ కరువు సంగతి కూడా చెప్పాలి. అది తొందరగా బయటపడదు.

పేరు పెట్టి పదిసార్లు పిలిచినా పిల్లాడు తిరిగి చూడడు. చెవుడేమో అని భయం. అదే పిల్లాడు పక్క గదిలో చిప్స్ ప్యాకెట్టు చప్పుడికి పరుగెత్తుకొస్తాడు. అప్పుడు "వినపడుతోంది, కావాలనే పలకడం లేదు" అని కోపం. రెండూ తొందరపాటే. ముందు వినికిడి పరీక్ష చేయించాలి. అది తప్పనిసరి. వినికిడి బాగుంటే, అప్పుడు ఆలోచించాలి. చెవిలోకి చేరింది, కానీ అది తనకోసం అని మెదడు విడదీసి పట్టుకోలేదేమో అని.

మోకాలు చీరుకుపోయి రక్తం కారుతున్నా ఏడవని పిల్లలున్నారు. వేడి గిన్నె ముట్టుకుని చెయ్యి తియ్యని పిల్లలున్నారు. ఒంటేలు వస్తోందన్న కబురు లోపలి నుంచి అందక బట్టలు తడుపుకునే పిల్లలున్నారు. ఆకలి వేస్తోందని తెలియక, తెలిసినా ఏమిటో అర్థంకాక, చిరాకుతో వస్తువులు విసిరే పిల్లలున్నారు. మనకి చిన్నప్పుడు పంచేంద్రియాలనే నేర్పారు. ఒంటి సమతూకం చెప్పే చెవి లోపలి భాగం, కీళ్లూ కండరాలూ ఎక్కడున్నాయో చెప్పే జ్ఞానం, ఆకలి దాహం చెప్పే ఒంటి లోపలి జ్ఞానం, ఇవి కూడా ఇంద్రియాలే. ఈ పిల్లల్లో వీటిలో ఏదైనా ఎక్కువో తక్కువో కావచ్చు.

తక్కువైన చోట పిల్లలు తామే తెచ్చుకుంటారు. గిరగిరా తిరుగుతారు. సోఫా మీద నుంచి దూకుతారు. చేతులు ఆడిస్తారు. దిండ్ల మధ్య దూరి పడుకుంటారు. అది పిచ్చి పని కాదు. ఎండిన పొలానికి వాళ్లే నీళ్లు మోసుకుంటున్నారు. అపాయం లేనంతవరకు ఆపకండి.

ఇప్పుడు ఆ చిన్న పని. ఏడుపుకి ముందు రెండు నిమిషాలు.

పాత నోటుబుక్కు ఒకటి, పెన్సిలు ఒకటి వంటగదిలో మేకుకి కట్టి పెట్టండి. పిల్లాడు గట్టిగా ఏడ్చి, అరిచి, కాస్త సర్దుకున్నాక, టైము రాయండి. దానికి ముందు రెండు నిమిషాల్లో ఏం మోగింది, ఒంటికి ఏం తగిలింది, ఏ వాసన వచ్చింది, ఎంతమంది ఉన్నారు, ఎప్పుడు తిన్నాడు. ఒకటి రెండు ముక్కలు చాలు. ఎందుకు ఏడ్చాడో అప్పుడే తేల్చెయ్యకండి. రాయండి, అంతే. ఒక వారం.

ఒక ఇంట్లో ఏం జరిగిందో చెబుతాను. నాలుగేళ్ల బాబు. రోజూ పొద్దున్న స్నానానికి గొడవ. నీళ్లంటే భయం అనుకున్నారు. చన్నీళ్లు మార్చి చూశారు, వేణ్ణీళ్లు మార్చి చూశారు. మగ్గు మార్చారు. తల్లి నోటుబుక్కు పెట్టింది. సోమవారం ఏడున్నర, స్నానం, ఏడుపు. మంగళవారం అదే. శనివారం దాకా అదే. ఆదివారం స్నానం, ఏడుపు లేదు. ఎందుకని? ఆదివారం హోటలు నుంచి ఇడ్లీ తెచ్చుకున్నారు. చట్నీ రుబ్బలేదు. స్నానాల గది గోడకి అవతల వంటగది. ఆ గోడ పక్కనే మిక్సీ. ఆరు రోజులూ ఆ తల్లి రాస్తున్నది స్నానం గురించి. పిల్లాడు ఏడుస్తున్నది మిక్సీ గురించి.

చట్నీ టైము మార్చారు. గొడవ సగానికి పైగా తగ్గింది. తర్వాత ఇంకో పని చేశారు. మిక్సీ వేసే ముందు వాడికి చూపించి "మిక్సీ, ఒకటి, రెండు, మూడు" అని చెప్పడం మొదలుపెట్టారు. వాడు ముందు గుమ్మం దగ్గరే చెవులు మూసుకుని నిలబడేవాడు. కొన్నాళ్లకి లోపలికి వచ్చాడు. ఇంకొన్నాళ్లకి "మూడు" అన్నాక స్విచ్చి తనే వేశాడు.

ఇది ఎందుకు పని చేసింది? 2012లో ఎలిజబెత్ పెలికానో, డేవిడ్ బర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక ఆలోచన ముందుకు తెచ్చారు. మన మెదడు పాత అనుభవంతో ముందే ఊహించుకుంటుంది. గుమ్మం దగ్గర చెప్పుల చప్పుడు వింటే నాన్న వచ్చాడని తెలిసిపోతుంది. ఆటిజం ఉన్నవాళ్ల మెదడులో ఈ ఊహ బలం తక్కువగా ఉండొచ్చు, అందుకే ప్రతిదీ కొత్తగా, ఉన్నదున్నట్టుగా, పూర్తి బలంతో తగులుతుందేమో అన్నారు. ఇంకా చర్చలో ఉన్న ఆలోచనే ఇది. కానీ నా పనిలో రోజూ చూస్తాను. ముందే తెలిసిన మోత, తన చేత్తో వేసిన మోత, సగం మోతే.

ఇంకో పాప. రెండో తరగతి. క్లాసులో యూనిఫాం చొక్కా విప్పేస్తుంది. టీచర్లకి కోపం, తల్లిదండ్రులకి సిగ్గు. నోటుబుక్కులో మూడు వారాలు గడిచాక కానీ తెలియలేదు, ఇది సోమవారాలే జరుగుతోంది. ఆదివారం వాళ్ల నాయనమ్మ మనవరాలి బట్టలకి ముచ్చటగా గంజి పెట్టి ఇస్త్రీ చేయిస్తుంది. మంగళవారానికి చొక్కా మెత్తబడుతుంది. సోమవారం ఆ పాపకి మెడ చుట్టూ గరుకు కాగితం చుట్టినట్టుంటుంది. గంజి మానేశారు. మెడ దగ్గర కంపెనీ చీటీ కత్తిరించారు. అంతే. ఆ నాయనమ్మ తన వల్ల అని చాలా ఏడ్చింది. ఆమె ప్రేమతో పెట్టిన గంజి అది. తప్పు ఎవరిదీ కాదు.

టీచర్లు ఎవరైనా వింటుంటే, మీకో మాట. మన కరెంటు సెకనుకి 50 ఆవృత్తాలు. పాతకాలం చోకు ఉన్న ట్యూబులైటు దానివల్ల సెకనుకి 100 సార్లు తగ్గి పెరుగుతుంది. పైగా గుయ్యిమంటుంది. మనలో చాలామందికి అది తెలియదు. కొందరు పిల్లలకి తెలుస్తుంది. కిటికీ పక్కన కూర్చోబెట్టి చూడండి. గంట కొట్టే ముందు ఆ పిల్లాడికి చేత్తో సైగ చెయ్యండి. మీకు ఖర్చు లేని పనులివి.

తిండి గురించి కొంచెం. ముద్దపప్పు, వంకాయ గుజ్జు, బెండకాయ జిగురు నోట్లో పడితే వాంతి చేసుకునే పిల్లలు అప్పడం, వేయించిన అటుకులు మాత్రం తింటారు. రుచి కాదు, నాలుకకి తగిలే తీరు. ముక్కు మూసి మింగించకండి. నాలుగైదు వస్తువులు మాత్రమే తింటుంటే పిల్లల డాక్టరుకి చూపించండి. రక్తహీనత ఉందేమో చూస్తారు.

ఇప్పుడు నా సొంత తప్పు ఒకటి చెప్పాలి. పనిలో చేరిన కొత్తలో, తడి వస్తువు ముట్టుకోని ఒక బాబు నా దగ్గరకి వచ్చేవాడు. అలవాటు చేస్తే అదే పోతుందనుకున్నాను. ముగ్గుపిండి తడిపి, వాడి రెండు చేతులూ పట్టుకుని అందులో పెట్టాను. వాడు వణికాడు. నేను వదల్లేదు. రెండు రోజులు అలా చేశాను. మూడో రోజు నుంచి వాడు మా గది గుమ్మం తొక్కలేదు. రెండు నెలలు. మా అమ్మ వయసున్న ఆ పిల్లాడి నాయనమ్మ నన్నేమీ అనలేదు. అనుంటే బాగుండేది.

ఇందాకటి పరిశోధన గుర్తుందా? మిగతా పిల్లల మెదడు అలవాటుపడింది, వీళ్లది పడలేదు. "రోజూ గుడికి తీసుకెళ్లండి, రోజూ బజారుకి తీసుకెళ్లండి, వాడికే అలవాటవుతుంది" అని చుట్టాలు చెబుతారు. అలవాటుపడటమే ఎక్కడ కష్టమో అక్కడే బలవంతం చేస్తున్నాం మనం. మిక్సీ స్విచ్చి వేసిన బాబు కూడా అలవాటుపడ్డాడు. కానీ గుమ్మం దగ్గర నుంచి ఎప్పుడు లోపలికి రావాలో వాడే నిర్ణయించుకున్నాడు. మనం పట్టుకుని లాగలేదు.

మరి వరద వచ్చేసింది, పిల్లాడు అరుస్తున్నాడు, అప్పుడేం చెయ్యాలి? మాటలు ఆపండి. "ఎందుకు, ఏమైంది, ఏం కావాలి" అని అడగకండి. ప్రతి ప్రశ్నా ఇంకో చప్పుడే. లైటు తగ్గించండి. జనాన్ని పంపించండి. తల కొట్టుకుంటే దిండు అడ్డు పెట్టండి. పక్కన కూర్చోండి. తగ్గేదాకా ఆగండి.

ఆ తల్లి కారులో బాబుని గట్టిగా అదుముకుంది కదా. ఎవరూ నేర్పకుండానే మంచి పని చేసింది. నిమిరే స్పర్శ భరించలేని చాలామంది పిల్లలకి గట్టిగా అదమడం హాయిగా ఉంటుంది. అమెరికాలో టెంపుల్ గ్రాండిన్ అనే శాస్త్రవేత్త ఉన్నారు. 1947లో పుట్టారు. ఆవిడకి ఆటిజం. పద్దెనిమిదేళ్లకే, పశువులకి టీకా వేసేటప్పుడు కదలకుండా రెండు వైపులా అదిమి పట్టే చట్రాన్ని చూసి, తన కోసం అలాంటిదే చెక్కలతో తయారుచేసుకున్నారు. అందులో దూరితే ఆందోళన తగ్గేదని రాశారు. మన ఇళ్లల్లో పాత చీరలు కుట్టిన బొంత ఉంటుంది. దాని బరువు కొందరు పిల్లలకి ఇష్టం. అయితే బరువు దుప్పట్ల మీద ఇంగ్లండులో జరిగిన పరీక్ష 2014లో అచ్చయింది. నిద్ర పెరగలేదు, కానీ పిల్లలకీ పెద్దలకీ ఆ దుప్పటి నచ్చింది. కాబట్టి మందు అనుకోకండి, ఓదార్పు అనుకోండి. ముఖం మీదకి రాకూడదు. పిల్లాడు తనంతట తాను తీసెయ్యగలగాలి. పసిపిల్లలకి అసలు వద్దు. ఇష్టపడకపోతే మానెయ్యండి.

చెవులకి పెట్టుకునే చప్పుడు తగ్గించే మూతలు పెళ్లిళ్లకీ, జాతరలకీ బాగా పనికొస్తాయి. రోజంతా పెట్టకండి.

సాయం ఎక్కడ దొరుకుతుంది? జిల్లా ఆసుపత్రిలో పిల్లల కోసం డైక్ అనే సత్వర చికిత్సా కేంద్రం ఉంటుంది. మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రాలున్నాయి. సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి ఇలాంటి పిల్లలకి సాయపడే జాతీయ సంస్థ ఉంది. ఆటిజాన్ని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించింది, కాబట్టి వైకల్య ధ్రువపత్రం తీసుకోండి. మూలకణాలు ఎక్కిస్తాం, ఆటిజం పోతుంది అని ఎవరైనా లక్షలు అడిగితే లేచి వచ్చెయ్యండి. దానికి ఆధారం లేదు.

ఆ పెళ్లి బాబు సంగతి చెప్పి ముగిస్తాను. రెండేళ్ల తర్వాత ఆ ఇంట్లో ఇంకో పెళ్లి. ఈసారి తల్లి ముందురోజే పంతులుగారిని గట్టిమేళం ఎన్ని గంటలకో అడిగి తెలుసుకుంది. అందరి వెనక, తలుపు పక్కన కుర్చీలు వేయించుకుంది. బాబుకి గంజి లేని పాత చొక్కా తొడిగింది. మేళానికి పది నిమిషాల ముందు వాళ్ల నాన్న వాణ్ణి కారు దగ్గరకి తీసుకెళ్లాడు. జనరేటరుకి దూరంగా ఆపిన కారు. తాళి కట్టడం తల్లి కళ్లారా చూసింది. మేళం ఆగాక ఫోను చేసింది. తండ్రీ కొడుకులు లోపలికి వచ్చారు. వరస తగ్గాక వేదిక ఎక్కారు. అక్షింతల పళ్లెం బాబు ముందు పెట్టారు. వాడు అందులో చెయ్యి పెట్టాడు. బియ్యం వేళ్ల మధ్య నుంచి జారుతుంటే నవ్వాడు. చెయ్యి తియ్యలేదు. మళ్లీ పోశాడు, మళ్లీ జార్చాడు. వెనక వరసలో ఉన్నవాళ్లు కదలబోతుంటే, పెళ్లికూతురు చేత్తో సైగ చేసి ఆపింది. వాడు అయిందనేదాకా తల వంచుకుని అలాగే కూర్చుంది.